దారం కోసం ఆగిన జీపు

“దుప్పటి కిందికి గుంజు మా, ఇంకా గుంజు, ఆ మూల సందు కనపడతాంది” అన్నాను, అమ్మ బయటి నుంచి గుంజింది, సందు పోయింది, ఆదోని మొత్తానికి మిట్టమధ్యాహ్నం, నాకొక్కదానికి చీకటి. కళ్ళు తెరిచినా అంతే, మూసినా అంతే. ఇక చేతులతోనే చూసుకోవాలి. ఎడమ చేతి కింద డెవలపర్ మందు తొట్టి, పక్కన నీళ్ళ తొట్టి, ఆ చివర ఫిల్మును ఇక మారకుండా నిలిపే హైపో, అదెక్కడుందో వెతకక్కర్లేదు, పుల్లటి వాసన ముక్కు పట్టుకుని లాగుతోంది. డెవలపర్ తొట్టి కింద గంగాళంలో ఐసుముక్క, సోడా అంగడి నుంచి రంపపు పొట్టులో చుట్టి తెచ్చింది, అది కరిగేలోగా పని అయిపోవాలి. ఈ ఎండకు మందు వేడెక్కిందంటే ఏ పాపం ఎరగని ఫిల్ము కూడా నల్లబడుతుంది, నా సెలవంతా నీళ్ళపాలవుతుంది. ఎర్ర దీపం కూడా వద్దని ఆర్పించాను. స్టూడియో ఉరుకుందప్ప నవ్వాడు, ఆదోనిలో పెళ్ళిళ్ళకూ శవాలకూ ఫొటోలు తీసి తీసి ఆ దీపం కిందే తల నెరిసినవాడు, “మాకు సరిపోయే దీపం నీ ఫిల్ముకు సరిపోదా అమ్మణ్ణీ” అన్నాడు, సరిపోదన్నాను. తను మాత్రం లోపలికి రానన్నాడు. తలుపేసుకుని చీకట్లో ఆడపిల్లతో ఉంటే బజారు నోరు మూయలేమట, నువ్వే కడుక్కో, నేను అరుగు మీద బీడీ తాగుతా అన్నాడు. మంచిదే. ఈ ఫిల్ముల మీద ఇంకొకరి చెయ్యి పడటం నాకూ ఇష్టం లేదు.

చీకట్లో గడియారం కనపడదు కాబట్టి అమ్మ. అమ్మకు గడియారం చూడటం రాదు, పరలోక ప్రార్థన వచ్చు. వాన వచ్చేటట్టున్నా, పొయ్యి మీద సంగటి మాడుతున్నా ఒకే నడకలో చెబుతుంది, గుడిలో పాస్టరు గారు కూడా తొందరపెట్టలేక అమ్మ వెనకాలే నడుస్తారు. నిన్న ఎదురుగా కూర్చోబెట్టుకుని గడియారం పెట్టి చూశాను, పదిసార్లు చెబితే ఫిల్ము మందులో ఉండాల్సినంత సేపు. “ఒక తూరి అయితానే తలుపు మీద కొట్టు. మధ్యలో ఎవురితోనూ మాట్లాడొద్దు” అన్నాను. “దేవునితో మాట్లాడేటప్పుడు ఇంగొకరితో ఏంటికి మాట్లాడ్తానే” అని కోప్పడింది. నా తాళం చెవి తన కొంగుకు ముడేసుకుని గడప అవతల కూర్చుంది, చేతులు మందులో పెడతాను కదా అని నేనే ఇచ్చాను. ఆ తాళం చెవి అంటే అమ్మకు పాముపిల్లను మోస్తున్నంత భయం. ఈ సాయంత్రం మద్రాసు మెయిలు ఎక్కి పోయి, ఆ చెవితో ఆఫీసులో నేను వేసి వచ్చిన తాళం తీసి, మా పెద్దాయనకు తప్పయింది సార్ అని చెప్పుకుంటే ఉద్యోగం నిలుస్తుందని అమ్మ ఆశ. నిలుస్తుంది, నిజమే. నా కోపం కూడా అక్కడే.

నల్లకాగితం విప్పుతున్నాను. అగ్గిపెట్టెంత ఫిల్ములు, నాలుగు ఎండలో పెట్టినవి, రెండు నీడలో పెట్టినవి, ఎండవాటికి మూల కత్తిరించాను, వేలికి తెలుస్తుంది. క్లిప్పులకు తగిలించి మందులోకి దించి “మొదలుపెట్టు మా” అన్నాను. గడప అవతల అమ్మ గొంతు లేచింది. మా సందులో వాళ్ళకు నేను ఏసమ్మ కూతురు రాహేలుని, ఎక్కడో పట్నంలో ఆటంబాంబు కార్ఖానాలో పనిచేసేదాన్ని. బాంబు కాదు మొర్రో, అణు ఇంజినీరింగు పరిశోధనశాల, నేను ఉండేది మనుషులకు దెబ్బ తగలకుండా చూసే భద్రతా విభాగం అంటే, ఆ అంటారు, మళ్ళీ బాంబు దగ్గరికే వస్తారు. నా పని చూస్తే నవ్వుతారేమో. ఇలాంటి ఫిల్ముముక్కను తగరపు బిళ్ళలో పెట్టి, లోపల పనిచేసే ప్రతివాళ్ళ ఎద మీదా గుచ్చుతాం, నెల తిరిగాక తీసి కడుగుతాం. కంటికి కనపడని, ఒంటికి తెలియని కిరణాలు ఆ మనిషికి తగిలి ఉంటే ఫిల్ము నల్లబడుతుంది. ఎంత నలుపు ఉంటే అంత దెబ్బ. కిరణం తగిలినప్పుడు నొప్పి ఉండదు, కాలదు, వాసన రాదు, ఏళ్ళ తరవాత రక్తంలోనో ఎముకలోనో లేస్తుంది. నొప్పి లేదు కాబట్టి ఎవరూ నమ్మరు. ఈ ముక్క ఒక్కటే నోరు విప్పుతుంది. టక్ అని అమ్మ తలుపు మీద కొట్టింది.

హులిగమ్మ కూడా మొదట నమ్మలేదు. మా ఆదోని పక్క హాలహర్వి మనిషి, కరువుకు మొగుడితో పాటు కట్టుబడి పనికి వలసపోయి, కట్టడం అయిపోయాక మా పరిశోధనశాలలోనే కూలికి నిలిచిపోయింది. ఆమె నోట సగం కన్నడం సగం తెలుగు వినపడినప్పుడు నేను లెక్కలు వదిలేసి వరండాలోకి పరిగెత్తాను, అంత దూరంలో మన పక్క మాట. పొద్దున బిళ్ళ గుచ్చితే రెండు కళ్ళకూ అద్దుకునేది. “ఇది కట్టుకుంటే ఏం గాదంట గదా రాహేలక్కా?” అంటే, కాదమ్మా, ఇది కాపాడదు, జరిగింది చెబుతుందంతే అన్నాను. “కాపాడనిది ఏంటికి మరి?” అంది. ఆ ప్రశ్నకు నేనింకా జవాబు వెతుకుతూనే ఉన్నాను. ఆమె పని కోబాల్టు గదిలో. కోబాల్టంటే బఠానీ గింజంత లోహం, సీసం పెట్టెలో ఉంటుంది, ప్రయోగం ఉన్నప్పుడు పెట్టె మూత ఎత్తుతారు, చుట్టూ సీసం ఇటుకలతో గోడ. ఆ గోడ పేర్చేదీ విప్పేదీ హులిగమ్మా, ఇంకో ఇద్దరూ. ఏప్రిల్లో ఆ ముగ్గురి ఫిల్ములు కడిగితే నల్లగా వచ్చాయి, హులిగమ్మది కాటుక. కడిగే మందును రెండుసార్లు పరీక్షించి చూశాను, నా మీద నాకే అనుమానం వచ్చి. తరవాత నడుచుకుంటూ పోయి ఆ గదికి నా తాళం వేశాను.

భద్రతా విభాగం తాళం వేస్తే వేసినవాళ్ళే తీయాలి, అది మా దగ్గర నియమం. ఆ నియమం రాసింది ఎవరు, మా వెంకటకృష్ణయ్య గారే, మా విభాగానికి పెద్ద, బయటి దేశాల పుస్తకాలు చదివి ఎంతో ముచ్చటపడి రాసి, చట్రం కట్టించి గోడకు తగిలించారు. ఎవరూ ఎప్పుడూ తాళం వేయనంత కాలం చాలా మంచి నియమం. వచ్చే సోమవారం ఢిల్లీ నుంచి పెద్దలు వస్తారు, కోబాల్టు గది చూపించాలి, దానికి తాళం వేసి కూర్చుంది ఈ ఆదోని పిల్ల. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. కాఫీ తెప్పించి, “అమ్మాయ్, చదువుకున్నదానివి, ఎండకు ఫిల్ము పాడవుతుందని నీకు తెలియదా? ఈ ఫిల్ములు వచ్చిన పార్సిలు రైల్వే షెడ్డులో రేకుల కింద పడి ఉండింది. నల్లబడక తెల్లబడుతుందా?” అన్నారు. అదే పార్సిలులోని ఫిల్ములు గుమాస్తాల ఎద మీద ఎందుకు నల్లబడలేదు సార్ అన్నాను. పార్సిలులో పైనున్నవీ కిందున్నవీ ఒకటేనా అన్నారు. కిరణాలు కొలిచే యంత్రంతో పెట్టెను కొలుద్దాం సార్ అన్నాను. ఉన్న యంత్రం ఒకటే, అది రిపేరుకు పోయి సంక్రాంతి నాటి నుంచీ రాలేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కాఫీ కప్పు పక్కకు జరిపి, “ప్రమాదం ఉందని నిరూపించు. నిరూపిస్తే నేనే మూయిస్తా. లేదంటే సెలవు మీద ఇంటికి పోయి, బుద్ధిగా ఆలోచించుకుని వచ్చి తాళం తీయి” అన్నారు. నిరూపించు. ఎంత మర్యాదగల మాట. ఆ మాట పట్టుకుని, అదే పార్సిలులో మిగిలిన వాడని ఫిల్ములు సంచిలో వేసుకుని, తాళం చెవి కూడా వేసుకుని ఊరికి వచ్చాను. ఆయనకు కావలసింది ఎండే కదా, ఎండకు మా ఆదోని పెట్టింది పేరు. రైల్వే షెడ్డు ఏమిటి, మే నెలలో మా రేకుల కొట్టం మీద చెయ్యి పెడితే తోలు ఊడుతుంది. నాలుగు ఫిల్ముల డబ్బా చెయ్యి చాపితే అందే ఆ రేకు మీద, పోల్చుకోవడానికి రెండు లోపల నీళ్ళకుండ పక్కన చల్లగా. ఇవి తెల్లగా వస్తే ఎండ మీద నేరం పోతుంది. అప్పుడు నలుపుకు కారణం పెట్టె ఒక్కటే. టక్.

ఎన్నోది? నాలుగు. నాలుగే. తొట్టిని మెల్లగా ఊపుతున్నాను, మందు తపతపమని ఒడ్డుకు తగులుతోంది, ఈ చప్పుడు మిల్లు ఇంజనుకు నీళ్ళు పోసే తొట్టి చప్పుడే, నాన్నకు అన్నం తీసుకుపోయినప్పుడు దాని పక్కనే కూర్చునేదాన్ని. దూది గాలిలో ఎగిరి కనురెప్పల మీద వాలేది. నాన్న అబ్రహాం జిన్నింగు మిల్లులో బెల్టు చూసేవాడు, గింజ ఒక పక్క దూది ఒక పక్క పడే మిషన్లన్నిటినీ తిప్పే తోలుబెల్టు, మనిషి నడుమంత వెడల్పు, దానికి అడ్డం ఏమీ ఉండేది కాదు. కంచె వేయించండి అని నాన్న సేటును అడిగాడు. ఒకసారి కాదు, పత్తి సీజను వచ్చినప్పుడల్లా అడిగాడు. సేటు నవ్వేవాడట, మంచివాడే, పండక్కి గుడ్డలు పెట్టేవాడు, “ఇన్నేండ్లలో ఎవురి చెయ్యన్నా పోయినాదా అబ్రహామూ? పోయినాదని సూపీ, రేప్పొద్దునే కంచె ఏపిస్తా” అనేవాడట. నాన్న చూపించాడు. కుడి చెయ్యి, మణికట్టు పైదాకా. సేటు మాట తప్పలేదు, మూడోనాటికి కంచె వేయించాడు. నాన్న చెయ్యి ఋజువు కింద చెల్లింది. దాని తరవాత అజాగ్రత్తగా ఉన్నాడని మిల్లులో అందరూ అనుకోసాగారు, ఆసుపత్రి నుంచి రాగానే నాన్నకూ అదే చెప్పారు, కొన్నాళ్ళకు ఆయన కూడా అదే చెప్పుకున్నాడు. అందుకు నేను ఎవరినీ క్షమించలేదు. సేటునూ క్షమించలేదు, నమ్మిన నాన్ననూ క్షమించలేదు.

తరవాత ఎమ్మిగనూరు. నూలు గోదాముకు కాపలా మనిషి కావాలన్నారు, కాపలాకు ఒక చెయ్యి చాలన్నారు, పోయాం. అప్పటికింకా మాది బళ్ళారి జిల్లానే. పొద్దున లేస్తే ప్రతి ఇంట్లోనూ మగ్గం, ఆ చప్పుడు లేకుండా నాకు లెక్కలు వచ్చేవి కాదు, పట్నంలో హాస్టలు గదిలో మొదటి నెల ఆ నిశ్శబ్దానికి పిచ్చెత్తిపోయాను. నాన్న అక్కడే పోయాడు, అమ్మ మళ్ళీ ఆదోని కొట్టానికి వచ్చేసింది, ఈ సెలవులో కూడా రోజూ పొద్దున బస్సెక్కి అక్కడికే పోయాను, నాన్న సమాధికి సున్నం కొట్టించడం, పలకరింపులు, మజ్జిగలు, మళ్ళీ సాయంత్రానికి ఆదోని. నేతవాళ్ళ వీధిలో ఇప్పటికీ అదే మర్యాద. తెల్లవారగానే వీధి పొడుగునా పడుగు పరుస్తారు, కర్రల మీద వేల దారాలు ఎత్తి కట్టి, గంజి పెట్టి, కుంచెతో దువ్వుతూ ఆరబెడతారు. పడుగు లేచి ఉన్నంతసేపు ఆ వీధి లేనట్టే. బండివాడు దాన్ని చూడగానే ఎద్దులను వెనక్కి తిప్పుతాడు, పెళ్ళివాళ్ళు మేళం ఆపి పక్కసందు పడతారు, చిన్నపిల్లలం మేము కూడా కిందనుంచి దూరకుండా చుట్టూ తిరిగి బడికి పోయేవాళ్ళం. ఎవరూ గీత గీయలేదు, పోలీసు లేడు. ఒకరోజు తాసిల్దారు జీపు వచ్చింది. హారను కొట్టారు, బిళ్ళబంట్రోతు దిగి కేకలేశాడు. నరసన్న అనే నేతమనిషి గంజికుంచె చేతిలో పట్టుకుని, ఒంగినవాడు ఒంగినట్టే ఉండి, “పడుగు పచ్చిగా ఉండాది సామీ, కదిలిస్తే దారం తెగుతాది. సుట్టుకోని పోండి, ల్యాకుంటే ఆరేదాంక నిలబడండి” అన్నాడు. వెనకాల సందు ఇరుకు. జీపు నిలబడింది. తాసిల్దారు టోపీ తీసి విసురుకుంటూ కూర్చున్నాడు. నేనూ నాన్నా గోదాము అరుగు మీద నుంచి చూశాం. నాన్న నవ్వాడు, చెయ్యి పోయాక ఆయన పళ్ళు కనపడేలా నవ్వడం నేను చూసింది అప్పుడే, నవ్వి, మొండిచెయ్యితో నా వీపు తట్టి, “సూసినావా పాపా, దారం తెగుతాదేమోనని జీపు నిలబడినాది. నా చెయ్యి తెగుతాంటే మిల్లు నిలబడల్యా” అన్నాడు.

టక్ వినపడి ఎంత సేపయింది? అమ్మ గొంతు ఆగిపోయింది. ఉరుకుందప్ప ఏదో అడుగుతున్నాడు, ఇంత చిన్న ముక్కలకు ఇన్ని నీళ్ళెందుకని, అమ్మ జవాబు చెబుతోంది. “మా, లెక్క! లెక్క మర్సిపోయినావా?” అని అరిచాను. “మర్సిపోలేదే, ఎనిమిది అయినాయి” అంది, మళ్ళీ తనలో తను, ఏడో ఎనిమిదో అంది. ఎనిమిదే అనుకుందాం. ఆగిన సేపటికి ఇంకాస్త నలుపు తేలితే నాకే కష్టం, అయినా కానీ. “ఆ రెండూ గూడా సెప్పు, బిరీన సెప్పు.” చెప్పదు, తొందరపడి చెప్పడం ఆమెకు రాదు. ఒకటి అయింది. ఆగింది. “రాయేలూ” అంది, గొంతు తగ్గించి. మాట్లాడొద్దన్నాను కదమ్మా. “ఒక మాట సెప్పి మల్లా మొదులుపెడ్తాలే. ఎండకేమీ చెడిపోయుండవు, నువ్వు బయపడాకు. నేను దినామూ తీసినా గదా.” ఏం తీశావు? “ఆ డబ్బానే. నువ్వు బస్సుకు పోతానే రేకు మీదనుంచి తీసి తడిగోనె కింద పెట్టినా, కుండ పక్కన. పొద్దు వాలినంక మల్లా ఆడనే పెట్టినా. ఆ రెండు నీడలో పెట్టి ఈ నాలుగూ ఎండకు మర్సిపోయినాదే పిల్ల అనుకున్యా. నీకు సెప్తే సిగ్గుపడ్తావని సెప్పల్యా.”

తొట్టి ఊపడం ఆపేసింది నా చెయ్యి. చీకట్లో నిలబడి నవ్వానో ఏడ్చానో నాకే తెలియలేదు, ఏదో చప్పుడు మాత్రం వచ్చింది. మిల్లు మనుషులం, మాకు ఎండాకాలం మధ్యాహ్నం మూట కనపడితే నిప్పు కనపడినట్టే. దూది బేళ్ళ మధ్యలో ఎక్కడో నిప్పురవ్వ పడి, పైకి పొగైనా లేకుండా రోజుల తరబడి లోపల కాలుతుంది, బేళ్ళు కట్టే ప్రెస్సు దగ్గర తడిగోనెలు సిద్ధంగా పెట్టుకుని పుట్టిన పిల్లలం. ఇంట్లో వేడిలో ఏదైనా పెట్టారంటే అమ్మ ఊరుకోదని నాకు తెలియాలి. డబ్బా రేకు మీద పెట్టేటప్పుడు ముట్టుకోవద్దని చెప్పాను, ఎందుకో చెప్పలేదు, ఆమెకేం అర్థమవుతుందిలే అనుకున్నాను, అదీ నా తెలివి. “ఏమ్మే, తప్పు చేసినానా?” అంటోంది. “లెక్క ముగించు మా” అన్నాను. ముగించింది. టక్. ఫిల్ములు తీసి నీళ్ళలో ముంచి హైపోలోకి దించాను, చేతులు వాటి పని అవే చేశాయి. ఇప్పుడు దీపం వెలిగించుకోవచ్చు. అగ్గిపుల్ల గీశాను. ఆరు ఫిల్ములూ పాలరంగు వదులుతున్నాయి, నెమ్మదిగా, ఒకదాని తరవాత ఒకటి, అద్దంలా. మూల కత్తిరించినవీ కత్తిరించనివీ ఒకటే తెలుపు. ఎంత అందంగా ఉన్నాయో, నాకు కావలసింది అచ్చంగా ఇదే, చల్లగా పడుకున్న ఫిల్ములు తెల్లగా వచ్చాయని తప్ప వీటి వల్ల ఈ భూమ్మీద ఎవరికీ ఏమీ తెలియదు.

తెలియదని ఎవరికి తెలుసు? అమ్మకూ నాకూ. అమ్మను చెప్పొద్దంటే చెప్పదు. ఈ తెల్ల ముక్కలు పట్టుకుపోయి బల్ల మీద పెడితే పెద్దాయన నోరు మూతపడుతుంది, నిరూపించమన్నారు కదా సార్, ఆదోని ఎండ, రేకు మీద, ఇదిగో. హులిగమ్మ బతుకుతుంది. ఎవరికి నష్టం? ఆ అగ్గిపుల్ల మంట వేలికి తగిలేదాకా ఆ మాటే తిప్పి తిప్పి చూసుకున్నాను, చాలా రుచిగా ఉంది. కానీ ఆయన ఏం చేశాడు, ఏ ఎండా చూడకుండా ఎండ అన్నాడు. నేను ఏ ఎండా తగలని వాటిని చూపి ఎండ కాదంటాను. ఇద్దరం ఒకటే అయిపోతాం, ఆయన కుర్చీ మాత్రం కొంచెం ఎత్తు. రేపు ఇంకో గదికి తాళం వేయాల్సి వస్తే నా ఫిల్ము మాట ఎవరు వింటారు, నేనే వినను. వీల్లేదు. సరే, చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు, ఓడిపోయాను, తాళం తీయాలి. తీయాలా? ఇంకో పుల్ల గీశాను. ఎందుకు తీయాలి? నరసన్నను తాసిల్దారు నిరూపించమన్నాడా, జీపు తగిలితే నీ దారం తెగుతుందని ఋజువు చూపించు అన్నాడా? తెగుతుందేమో అన్నాడు, అంతే, ప్రభుత్వం టోపీతో విసురుకుంటూ ఎండలో కూర్చుంది. నాన్నను మాత్రం చూపించమన్నారు. నన్ను చూపించమంటున్నారు, హులిగమ్మ దగ్గర ఉన్న ఋజువు అంతా ఆమె ఒళ్ళే. ఆమె రక్తం చూపిస్తే కానీ మూయరు, అప్పుడు మూసి పండక్కి గుడ్డలు పెడతారు. నిరూపించు అనే ఆ మర్యాదగల మాటను ఇన్నాళ్ళు నెత్తిన పెట్టుకుని తిరిగాను చూడండి, ఎండలో పెట్టి, ఐసు కొని, అమ్మ చేత ప్రార్థనలు లెక్కపెట్టించి! అది నా పని కాదు. నా లెక్క తప్పయితే పోయేది ఢిల్లీ పెద్దల ఒక పూట ముచ్చట. ఆయన లెక్క తప్పయితే పోయేది మనుషులు. భద్రమని ఆయన నిరూపించాలి. యంత్రం తెప్పించి పెట్టె కొలిచి, మూత ఎత్తి కొలిచి, ఆ ఇటుకల పక్కన ఆయన నిలబడి చూపించాలి. అప్పటిదాకా అక్కడ పడుగు పరిచి ఉంది.

ఫిల్ములను చివరి నీళ్ళలో కడిగాను. అమ్మ పొద్దున రెండు బిందెలు మోసుకొచ్చిన నీళ్ళు. దుప్పటి తీసి బయటికి వస్తే ఎండ ముఖాన గుద్దింది. ఉరుకుందప్ప బీడీ పారేసి, క్లిప్పుకు వేలాడుతున్న ముక్క లాక్కుని ఆకాశం వైపు పట్టుకున్నాడు. “ఏమీ పడల్యా! అంతా ఖాళీ గదా” అన్నాడు, పాపం, నా తరఫున నొచ్చుకున్నాడు. “ఖాళీనే అన్నా.” “ఖాళీగా వస్తే మంచిదా, చెడ్డదా?” మంచిదీ కాదు చెడ్డదీ కాదు అన్నాను, ఆయన నా వైపూ ఐసునీళ్ళ వైపూ చూసి లోపలికి పోయాడు. ఇంకో ముక్క నేను ఎత్తి పట్టుకున్నాను. దాని అవతల అమ్మ ముఖం, ప్రతి ముడతా స్పష్టంగా. “నేను చెడగొట్టినానా?” అంది. “చెడగొట్టినావు మా” అన్నాను, ఇక అబద్ధాలు వద్దనుకున్నాను. భుజం పట్టుకుని దగ్గరికి లాక్కున్నాను, గోనె వాసన, చెమట, నా అమ్మ. “పోనీలే, నువ్వు చెడగొట్టకుంటే నేనింగా వాళ్ళ ఎనకాలనే తిరుగుతా ఉంటి.”

అమ్మకు అర్థం కాలేదు. ఆమెకు అర్థమయ్యే మాట ఒక్కటే, సాయంత్రం బండి. “తాళం తీసేయ్ పాపా. నీ జీతంతోనే గదా కొట్టం నిలబడింది. మీ నాయన ఎదురు సెప్పే గదా...” అని ఆగింది. ఆ మాట పూర్తి చేయలేదు, నాన్న ఎదురు చెప్పలేదు, అడిగాడంతే, అది మా ఇద్దరికీ తెలుసు. “పోతాను మా. పోయి ఈ తెల్ల ఫిల్ములు ఆయన ముందర పెట్టి తడిగోనె సంగతి గూడా నేనే సెప్తా. తాళం మాత్రం తియ్యను.” “పగలగొడ్తారే!” “పగలగొట్టనీ. ఢిల్లీ వాళ్ళు సూస్తాండగా పగలగొట్టనీ. మన మిల్లులో నాయన చెయ్యి పోయినపుడు ఎవురి చెయ్యి చేసిందో ఎవురికీ కనపడల్యా, బెల్టు చేసింది అన్నారు. ఈసారి తాళం మీద ఎవురి చెయ్యి పడతాదో అందరికీ కనపడతాది. అది చాలు నాకు.” “ఉద్యోగం పోతే?” “పోతే ఈడికే వస్తా. రేకుల కింద నువ్వు తడిగోనె కప్పుదువుగానీ.”

నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. అరుగు మీద కూర్చుని కొంగు చివర ముడి విప్పబోయింది. గట్టిగా పడింది ముడి, గోళ్ళకు రాలేదు, పళ్ళతో పట్టి లాగింది. తాళం చెవి అరచేతిలోకి జారింది. దాన్ని చాలా సేపు చూసింది, చిన్న ఇనుపముక్క, దీని మీద ఇంత గొడవా అన్నట్టు. ఉరుకుందప్ప లోపల తొట్లు కడుగుతున్న చప్పుడు. రోడ్డు మీద ఎమ్మిగనూరు బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. “హులిగమ్మకు పిల్లోళ్ళు ఉండారా?” అని అడిగింది అమ్మ. ఇద్దరు అన్నాను. ఇటు రా అంది. నా చీర కొంగు లాక్కుని, చివర తాళం చెవి పెట్టి, మడిచి ముడి వేసింది, మూటల నోరు కట్టేటట్టు కాలితో తొక్కిపట్టి బిగించింది. చాలు మా, ఊడదులే అన్నాను. ఆమె వినిపించుకోకుండా రెండో ముడి కూడా వేసింది.